అధ్యక్షుడు చదివించిన జాబితా

ఆ మంగళవారం ఉదయం ఎస్టెల్ కోవాక్స్ సంకల్పం స్వల్పమైనది: కమలాపండు వలుచుకుని, బాల్కనీలో పెలికాన్ పక్షులను చూస్తూ తినడం. అంతలో తలుపు కింద నుంచి ఒక ఉత్తరం జారింది. ఫ్లోరిడా తీరంలో ముప్పై ఏళ్లుగా ఆమె నివసిస్తున్న ఫ్లాటు మీద ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ బకాయి కింద తన హక్కు నమోదు చేసింది. తీర్చకపోతే కోర్టు ద్వారా వేలం.

నేరం ఇది. నిర్వహణ రుసుము పంపవలసిన చిరునామాను అధ్యక్షుడు లైల్ ప్రూయిట్ మార్చాడు. ఆ సంగతిని లాండ్రీ గది గోడకు అంటింపజేసి లోకానికి తెలియజేశాననుకున్నాడు. ఎస్టెల్ చెక్కు పాత చిరునామాకు వెళ్లి, తిరిగి తిరిగి ఆలస్యంగా చేరింది. ఆలస్య రుసుము ఇరవై అయిదు డాలర్లు. మరుసటి నెల చెక్కులోంచి ముందు దానిని కోసుకుని, మిగిలినది చాలలేదన్నారు. చాలనందుకు మరో రుసుము. ఆ మాట రాసినందుకు లాయరు ఖర్చు. నాలుగు నెలలు ఆమె నెలసరి మొత్తాన్ని పైసా తగ్గకుండా కట్టింది. నాలుగు నెలలూ బకాయి పెరిగింది.

"ఇది నేనుంటున్న ఇల్లు. ఈ రాష్ట్రంలో సొంత నివాసాన్ని అప్పులవాళ్లు తాకలేరు" అన్నది ఎస్టెల్, అసోసియేషన్ ఆఫీసులో ప్రూయిట్‌తో.

"అది క్రెడిట్ కార్డు వాళ్లకండీ, మాకు కాదు. కొన్నప్పుడు మా నిబంధనల మీద సంతకం పెట్టారుగా, చదవలేదా?" ప్రూయిట్ నవ్వాడు. "గురువారం సభకి రండి. బకాయిదార్ల పేర్లు అందరి ముందూ చదివిస్తాను. సిగ్గేస్తే వసూలు తేలిక."

ఎస్టెల్ ఇంటికి వెళ్లి అసోసియేషన్ నిబంధనావళి చదివింది. ఆ భవనంలో అంతకు ముందు ఎవరూ ఆ పని చేసిన దాఖలా లేదు.

గురువారం ఈతకొలను పక్క హాలు నిండింది. గుమాస్తా డెలోరిస్ రెండు పేర్లు చదివి ఆగిపోయింది.

"ఆగుతావేం? చదువు. ఎవర్నీ వదలద్దు" అన్నాడు ప్రూయిట్.

"మూడోది మీదేనండీ. మీ బ్యాంకు మీ రుసుమును ఇంకా పాత చిరునామాకే పంపుతోంది. నూట ఇరవై రోజుల బకాయి."

"లాండ్రీ గదికి వెళ్లలేదా, లైల్?" అన్నారెవరో వెనక నుంచి.

"మా ఇంట్లో ఆ పని మా ఆవిడది."

ఎస్టెల్ కళ్లజోడు సర్దుకున్నది. "నిబంధనావళి, పన్నెండో పేజీ. బోర్డు సభ్యుడు తొంభై రోజులు బకాయి పడితే పదవి వదులుకున్నట్టే."

అంటే ప్రూయిట్ నెల రోజులుగా ఎవరూ కాదు. గత వారం ఆమె ఫ్లాటుపై నమోదైన పత్రంలో ఉన్నది ఆ ఎవరూ కానివాడి సంతకం. సభ దానిని రద్దు చేసి, ఆమె ఖాతాను సరిచేసి, ఖాళీ అయిన కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టింది. ప్రూయిట్ ఖాతా ఆనాటి చర్చాంశాలలో లేదు.

"కానీ ఇది నేనుంటున్న ఇల్లు కదండీ" అన్నాడతను.

"అది క్రెడిట్ కార్డు వాళ్లకండీ" అన్నది ఎస్టెల్. "వివరాలు లాయరు రాస్తాడు."

ఆ ఉత్తరం ఖర్చు ప్రూయిట్ ఖాతాలోనే చేరింది.