పైత్యానికి పథ్యం

డైటీషియన్ లేని వీధి ధన్యమైన వీధి! ఈ మాట ఊరికే అనడం లేదు, కార్యకారణాలతో నిరూపిస్తాను.

గద్వాలలో మా వీధికి డైటీషియన్ ఎందుకు? ఇంటికొక నిపుణురాలు ఉండనే ఉంది. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, ముఖ్యంగా రోగిని అడగవలసిన పనే లేదు! చదువు నెమ్మదిగా వచ్చే ప్రవళికకు లెక్కలు వస్తాయని ఏడాదంతా బెండకాయే పెట్టించిన వీధి మాది. లెక్కలు రాలేదు గానీ, బెండకాయ కనిపిస్తే ఆ పిల్లకు పరుగు వస్తోంది. వ్యాయామం లాభం కాదా?

ఇక హన్మమ్మ కూతురు యమున. చీరలు నేస్తుంది. కొన్నాళ్లు నిద్రే అక్కర్లేని హుషారు, కొన్నాళ్లు మంచం దిగలేని దిగులు. డాక్టరు లిథియం మాత్రలిచ్చాడు. కుదుటపడి మళ్లీ మగ్గం గుంటలోకి దిగింది.

అప్పుడు పక్కింటి కాంతమ్మ శాస్త్రీయంగా ఆలోచించింది. మనసు జబ్బంటే పైత్యం. పైత్యానికి పథ్యం. పథ్యమంటే చప్పిడి. ఇంతటి తర్కం నేను విశ్వవిద్యాలయంలోనూ వినలేదు!

“హన్మమ్మా, మందులు మింగే పిల్లకు ఉప్పు పెడ్తవా? గట్లయితే పైత్యం ఎట్ల దిగుతదే?”

“జర ఉప్పెయ్యవే అమ్మా, మెతుకు దిగుతలేదు,” అంది యమున.

“సూస్తివా, పైత్యమే మాట్లాడుతుంది!” అంది కాంతమ్మ.

ఉప్పు ఆగింది. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. మందు పేరుకుంది. చేతులు వణికాయి, పడుగులో అటూ ఇటూ పోవలసిన నాడె జారింది, పోగులు తెగాయి. వీధి వెంటనే కారణం కనిపెట్టింది: మాత్రలు! ఉప్పును ఎవరూ అనుమానించలేదు. లేనిదాన్ని ఎలా అనుమానిస్తారు?

మాత్రలు మానిపించాలన్న తీర్మానం అమలయ్యేలోపే యమున వాంతులతో తూలి పడింది. హన్మమ్మ భయపడి కర్నూలు తీసుకెళ్లింది. రక్తపరీక్ష చేసి, మందు సరిచేసి, అక్కడి డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆవిడకు పద్ధతి తెలియదు, పాపం! తల్లి చెప్పబోతుంటే ఆపి, నేరుగా యమునతోనే మాట్లాడింది.

“ఏం తింటున్నావమ్మా?”

“చప్పిడి.”

ఒక్క మాటతో మా వీధి పరిశోధనంతా కూలిపోయింది! రోగులు మాట్లాడటం మొదలుపెడితే శాస్త్రం ఏం కావాలి?

ఇప్పుడు యమున కూరలో ఉప్పు పడుతోంది, మగ్గం మళ్లీ చప్పుడు చేస్తోంది. కాంతమ్మ ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. నిన్ననే వచ్చి, “హన్మమ్మా, ఉప్పు ఇంకో పిడికెడు ఎక్కువెయ్యి, జల్ది బాగైతది!” అంది.

మగ్గం ఆపకుండానే యమున జవాబిచ్చింది: “గట్ల గాదు పెద్దమ్మా! ఎక్కువొద్దు, తక్కువొద్దు. రోజూ ఒక్క తీరుగ.”

కాబట్టి నా సిద్ధాంతం మారలేదు. జవాబు తెలిసిన మనిషి మా వీధిలోనే ఉంది. ఆమెను అడిగే మనిషి కోసమే తుంగభద్ర దాటవలసి వచ్చింది!