రువైస్ రోడ్డులో అమెరికా

అమెరికా రోడ్ల పక్కన పాతకాలంలో కట్టిన హోటళ్లు, పెట్రోలు బంకులు, వాటి మీది రంగుల బోర్డులు మానవజాతి ఉమ్మడి ఆస్తి అనీ, వాటిని అధ్యయనం చేసి కాపాడటానికే తాను ఖతార్ వచ్చాననీ మంత్రి రాజనర్సు గారు దోహా విమానాశ్రయంలో ప్రకటించారు. అమెరికా వీసా రాకపోవడం వల్ల మాత్రం కాదని, ఎవరూ అడక్కుండానే చెప్పారు. పంతొమ్మిది వందల తొంభై ఆరులో అంత నిజాయితీ గల మంత్రి దొరకడం కష్టం.

ఇక్కడి తెలుగువాళ్లలో కారూ, సెలవూ రెండూ ఉన్నవాణ్ణి నేనే గనక సంఘం వాళ్లు ఆయన్ని నాకు అప్పజెప్పారు.

"ఏం పాల్, ఈడ అమెరికా ఏడున్నది?" అన్నారు కారెక్కుతూనే.

అల్ రువైస్ వెళ్లే రోడ్డులో ఉంది. వెనకటికి ఆయిల్ కంపెనీలో పనిచేసిన అమెరికా దొర ఒకడు కట్టించిన హోటలు. రెక్కల్లా పైకి లేచిన చూరు, దాని నెత్తిన నిలువెత్తు కాఫీ కప్పు బొమ్మ, చుట్టూ నియాన్ దీపాలు. దొర పోయాక అందులో మా అమలాపురం జక్కయ్య టీ అమ్ముకుంటున్నాడు. ఇక్కడ టీ కోసం ఎవరూ కారు దిగరు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే జక్కయ్య పళ్లెం పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఊళ్లో అతని భార్య జయకుమారీ, పిల్లలూ ఆ హారన్ మీదే బతుకుతున్నారు.

హారన్ కొట్టాను. టీ వచ్చింది. మంత్రి గారి కళ్లు చెమర్చాయి.

"అమెరికల అచ్చం గిట్లనే ఇస్తరు."

ఆయన అమెరికా చూడలేదు కాబట్టి పోలిక బాగా కుదిరింది.

"కాపాడాలె!" అన్నారు.

"నన్నేనాండీ?" అన్నాడు జక్కయ్య. అతని వీసా గడువు దగ్గరపడుతోంది.

"బిల్డింగును."

జక్కయ్యకు వీసా ఇచ్చిన కఫీలే ఆ స్థలం యజమాని కూడా. మంత్రి గారు శాలువా కప్పి, ఇది చరిత్ర అని నాచేత అరబ్బీలో చెప్పించగానే ఒప్పేసుకున్నాడు. అధ్యయనం ఇంకో నెల పొడిగించి మరీ మంత్రి గారు పరిరక్షణకు దిగారు. మోతకు నియాన్ గొట్టాలు పగులుతాయని ముందు "హారన్ నిషేధం" బోర్డు పెట్టించారు.

"బండొచ్చిందని నాకెలా తెలుత్తాదండీ?" అన్నాడు జక్కయ్య.

"చరిత్రకు చప్పుడు పడదయ్యా."

పొగకు గోడల రంగు పోతుందని పొయ్యి తీయించారు. టైర్లకు పాత సిమెంటు అరుగుతుందని కార్లు రాకుండా ముందు గొలుసు కట్టించారు. నాకు ఒళ్లు మండి, అమెరికాలో కూడా ఇలాంటి చోట్ల ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్మేవారేమో సార్ అన్నాను.

"గందుకే అవన్నీ పాడైనయ్," అన్నారు.

జక్కయ్య కొన్నాళ్లు తన గదిలో కాచిన టీ ఫ్లాస్కులో పోసుకుని గొలుసు ఇవతల నిలబడ్డాడు. అమెరికా కట్టడం ముందు అతని లుంగీ నప్పడం లేదని మంత్రి గారు బాధపడ్డారు. ఆ బాధ కఫీల్ దాకా పోయింది.

"టీ మాఫీ, లేనే లేదు. టీవాడు దేనికి? ఖలాస్," అన్నాడాయన. వీసా రెన్యువల్ ఆగిపోయింది.

ఆఖరి రోజున మంత్రి గారు శిలాఫలకం ఆవిష్కరించారు. దాని మీద ఆయన పేరు పెద్దగానూ, అమెరికా పేరు చిన్నగానూ ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్క సంస్కృతి గురించి చాలాసేపు మాట్లాడారు. సంఘం వాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఆయన గొంతెండిపోయి నా కారులో కూలబడ్డారు.

"హారన్ కొట్టు పాల్."

బోర్డు చూపించాను.

"అది పబ్లిక్‌కయ్యా!"

కొట్టాను. నెల రోజుల కోపమంతా తీరేదాకా కొట్టాను.

వెనక గదిలోంచి జక్కయ్య పరుగెత్తుకొచ్చాడు. చేతిలో పళ్లెం లేదు, తాడు కట్టిన సూట్‌కేసు ఉంది.

"ఎయిర్‌పోర్టు టాక్సీ అనుకున్నానండీ," అన్నాడు రొప్పుతూ.

మంత్రి గారు అద్దం సగం దించారు.

"రెండు చాయ్. షక్కర తక్కువ."