బిహికి అరబ్బీ రాదు

శనివారం ఉదయం బిహి వేసుకున్న పథకం చిన్నది. భార్య గిజ్లాన్ వాళ్లమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఆరేళ్ల కూతురు తిలిలాకు బడి లేదు. కనుక పిల్లను తన కిరాణా కొట్టుకు తీసుకెళ్లాలి. సాయంత్రం దాకా నోరు తెరవకుండా సరుకులు అమ్మాలి.

నోరు తెరవకపోవడానికి కారణం ఉంది. బిహి సూస్ కొండల మనిషి. అతని భాష తషల్హీత్. గిజ్లాన్ కొట్టున్న ఈ కాసాబ్లాంకాలోనే పుట్టింది, ఆమెకు అరబ్బీ తప్ప రాదు. కూతురు పుట్టినప్పుడే బిహి నిర్ణయించుకున్నాడు, పిల్ల ముందు తనకు అరబ్బీ రానట్టే ఉండాలని. వస్తుందని తెలిస్తే పిల్ల తషల్హీత్ వదిలేస్తుంది. అగాదిర్‌లో అన్న హమ్ము ఇంట్లో అదే జరిగింది. వాళ్ల తల్లి ఇజ్జా అక్కడే ఉంటుంది. ఆమెకు తషల్హీత్ ఒక్కటే వచ్చు, ఆ ఇంటి మనవలకు అరబ్బీ ఒక్కటే వచ్చు. ఒకే పళ్లెంలో తింటారు, మాటలుండవు. తిలిలా ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఆమె చూసింది, అంతే. ఈసారి కలిసినప్పుడు ఆమెకు మాట్లాడే మనవరాలు ఒకతె ఉండాలని బిహి కోరిక.

అందుకని ఇంట్లో భార్యతో కూడా అతను కూతురి ద్వారానే మాట్లాడేవాడు. పిల్ల మధ్యలో నిలబడి అటు మాట ఇటు చేరవేసేది. పిల్ల వినకూడనివి ఉంటే ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకునేవారు.

మొదటి బేరం హజ్జా బతూల్‌ది. కొట్టు తెరిచిన నాటి నుంచీ బిహితో అరబ్బీలో పోట్లాడి సరుకు కొనే మనిషి.

"ఎలా ఉన్నావు నాయనా? మీ ఆవిడ బాగుందా? ఊళ్లో వానలు పడ్డాయా?"

బిహి తల ఊపాడు.

"పుదీనా నిన్నటిదా, ఇవాళ్టిదా?"

మళ్లీ ఊపాడు.

"నిన్నటిదా అంటే కూడా ఊపుతావేంటి?"

"నాన్నకి అరబ్బీ రాదండీ, నాతో చెప్పండి" అంది తిలిలా, నూనె డబ్బా మీద నిలబడి.

హజ్జా పిల్లను చూసింది, తర్వాత బిహి నోటిని చూసింది. బిహి నవ్వబోయాడు. ఇబ్బందిలో ఆ నవ్వు ఒక పక్కకే వెళ్లింది.

ఆమె పుదీనా తీసుకోకుండా నేరుగా రొట్టెల బట్టీకి వెళ్లింది. వీధిలో ఆడవాళ్లంతా పిండిముద్దలు తెచ్చి కాల్పించుకునేది అక్కడే. అక్కడ చెప్పిన మాట రొట్టెలతో పాటు ఇల్లిల్లూ చేరుతుంది.

కాసేపటికి బట్టీ యజమాని మాతీ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"బిహీ, ఎడం చెయ్యి ఎత్తు."

తిలిలా ఆ మాట తషల్హీత్‌లో చెప్పింది. బిహి ఎడమ చేతిలో పంచదార బస్తా ఉంది. కుడి చెయ్యి ఎత్తాడు.

"చూశారా" అన్నాడు మాతీ. "ఏ చెయ్యో కూడా తెలీట్లేదు. పక్షవాతమే."

"మా మరిదికీ ఇంతే, ముందు నోరు పోయింది, ఆనక కాలు" అంది హజ్జా.

తిలిలా అది కూడా అనువదించింది. బిహి ముఖం పాలిపోయింది. జనం దాన్నీ లక్షణాల్లో చేర్చారు. ఒకావిడ బార్లీ జావ తెచ్చింది. ఇంకొకావిడ ఆలివ్ నూనెతో అతని దవడ రుద్దింది. మాతీ అగాదిర్‌లో ఉన్న హమ్ముకు ఫోన్ చేసి బిహి చేతికిచ్చాడు.

"ఒరేయ్, ఏమైందిరా?" అన్నాడు హమ్ము.

ఇక్కడ బిహి చిక్కుకున్నాడు. సంగతి తషల్హీత్‌లో చెబితే పక్కనున్న కూతురు వింటుంది. అరబ్బీలో చెబితే అరబ్బీ వచ్చని తేలిపోతుంది. అతనికి మూడో భాష లేదు.

"ఏం కాలేదన్నయ్యా" అన్నాడు తషల్హీత్‌లో.

మాతీ ఫోన్ లాక్కున్నాడు. "మీ భాష ముక్కలే మిగిలాయి. అరబ్బీ మొత్తం పోయింది."

కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. సూస్ వాళ్లలో ఒకడికి బాగోకపోతే రెండోవాడు వచ్చి కొట్లో కూర్చుంటాడు, బాగోనివాడు కొండల్లోని ఇంటికి వెళ్లిపోతాడు. అందులో వాదన ఉండదు.

సాయంత్రం వంటింటి తలుపు వెనక గిజ్లాన్ అంది, "ఇంక చెప్పెయ్. ఊరంతా నీకోసం దువా చేస్తోంది."

"చెబితే అది రేపటి నుంచి నాతో అరబ్బీలోనే మాట్లాడుతుంది."

"చెప్పకపోతే నువ్వు కొండమీదా, మేమిక్కడా. అప్పుడసలు నీతో ఎవరు మాట్లాడతారు?"



మర్నాడు పొద్దున్నే హమ్ము బస్సు దిగాడు. కొట్లో వేసుకునే నీలం కోటు అప్పటికే ఒంటిమీద ఉంది. వెనక ఇజ్జా. ఆమె ఇంట్లోకి వస్తూనే కొడుకు గడ్డం రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.

"రేపే బయల్దేరు. కొట్టు నేను చూసుకుంటా" అన్నాడు హమ్ము.

తిలిలా అవ్వ కొంగు లాగింది. తషల్హీత్‌లో అంది:

"ఏడవకవ్వా. నాన్నకి అరబ్బీ వచ్చు. అమ్మతో వంటింట్లో దెబ్బలాడేది అరబ్బీలోనే. తలుపేస్తే నాకు వినపడదనుకుంటారు."

గడ్డం తల్లి చేతుల్లో ఉండగానే బిహి అడిగాడు. "ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"నా చిన్నప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వంత కష్టపడుతున్నావు కదా నాన్నా. పాపం అనిపించి ఊరుకున్నా."

"ఏమంటోందది?" అంది గిజ్లాన్. ఆ గదిలో అర్థం కానిది ఆమెకొక్కతెకే. బిహి కూతురి ముందు మొదటిసారి అరబ్బీలో నోరు తెరిచి, భార్యకు అంతా చెప్పాడు. తిలిలా ఆశ్చర్యపోలేదు.

ఇజ్జా ఏడుపు ఆగింది. కొడుకు గడ్డం వదిలేసి మనవరాలి గడ్డం పట్టుకుంది.

"మళ్లీ చెప్పు తల్లీ."

"నాన్నకి అరబ్బీ వచ్చవ్వా."

"అది కాదే. ఏదైనా చెప్పు."

తిలిలా చెప్పడం మొదలుపెట్టింది. బడి గురించి, నూనె డబ్బా గురించి, నాన్న దవడ ఎవరెవరు రుద్దారో దాని గురించి. ఇజ్జా మధ్యమధ్యలో అడుగుతోంది, పిల్ల జవాబిస్తోంది, మధ్యలో నాన్న ఏదైనా అడిగినా జవాబు తషల్హీత్‌లోనే. టీ చల్లారిపోయింది. హమ్ము నీలం కోటు విప్పి ఒళ్లో పెట్టుకుని, వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం హమ్ము వీధిలోకి వెళ్లి అగాదిర్‌లో తన ఇంటికి ఫోన్ చేశాడు. ఇవాళ్టి నుంచి తనకు అరబ్బీ రాదని పిల్లలకు చెప్పాడు. వాళ్లకు అర్థం కావాలి కనుక, ఆ సంగతి అరబ్బీలోనే చెప్పాడు.