అటక మూతకు తాళం

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోని ఒక పేరున్న చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్ ఒకతె కూర్చున్నట్టు సందేహానికి తావు లేకుండా రుజువైంది. నేరస్థలం అటక.

ఆ దుకాణంలో కౌంటర్ వెనక కుర్చీ ఉండదు. కుర్చీ వేస్తే చీర అమ్ముడుపోదని యజమాని పురుషోత్తం నమ్మకం. ఆయన మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చునే నమ్ముతాడు. స్టాకంతా అటక మీద. సీలింగ్‌లో చదరపు చెక్కమూత, దాని కింద నిచ్చెన. మూతను నెత్తితో నెట్టుకుని పైకెక్కాలి, చీరలు కిందికి జారవిడవాలి.

భవానికి ఏడో నెల. బన్సీలాల్‌పేట్ నుంచి నడిచొస్తుంది, దుకాణం మూసేదాకా నిలబడుతుంది. ఎవరు ఏ రంగు అడిగినా "పైన ఉన్నదేమో చూసొస్త" అని ఆ కడుపుతోనే నిచ్చెనెక్కేది. ఇంత చిత్తశుద్ధి ఎక్కడా చూడలేదని పురుషోత్తం మురిసిపోయి, మిగతావాళ్లను తిట్టడానికి ఆమెనే ఉదాహరణగా వాడుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అల్వాల్ నుంచి వచ్చిన వీరరాఘవమ్మగారి ఒళ్లోని పట్టుచీర మీద, తెరిచున్న మూతలోంచి ఒక చెప్పు పడింది. పురుషోత్తం నిచ్చెనెక్కి తల పైకి పెట్టాడు. భవాని చీరల మూట మీద కూర్చుని వాచిన పాదాలు పిసుక్కుంటోంది.

"ఏందిది?"

"జెర కూసున్న సేట్."

"ఎవర్నడిగి కూసున్నవ్?"

"కాళ్లనడిగిన."

వర్తక ప్రముఖులు అత్యవసరంగా సమావేశమయ్యారు. కూర్చునే మాట్లాడారు. "ఇయ్యాల కూసుంటరు, రేపు ఒరుగుతరు, ఎల్లుండి సంఘం పెడ్తరు! గిట్లయితే బజారు ఇజ్జత్ ఏం గావాలె?" అని ఒక పెద్దాయన గర్జించాడు. చప్పట్లు. సమోసాలు.

మూతకు తాళం పడింది. తాళంచెవి పురుషోత్తం మొలతాడుకు చేరింది. ఇప్పుడు స్టాకు ఆయనే తెస్తాడు. మొదటి రోజే ఆయాసమొచ్చి అదే మూట మీద కూలబడ్డాడు. హాయిగా ఉంది. మర్నాడు దిండు, టేబుల్ ఫ్యాన్ కూడా పైకెక్కాయి. మూత తీసిపెట్టుకుని, కింద ఎవరైనా కూర్చుంటున్నారేమోనని ఆ సందులోంచి చూస్తుంటాడు. యజమాని కూర్చుంటే దాన్ని పర్యవేక్షణ అంటారు.

మొన్న వీరరాఘవమ్మగారు మళ్లీ వచ్చారు. మెత్తటి స్టూలు మీద కూర్చున్నారు. నిండు నెలల భవాని అడుగు అరలోని చీర కోసం వంగబోతుంటే ఆవిడ ప్రాణం విలవిల్లాడిపోయింది.

"అయ్యయ్యో, వంగకు తల్లీ! కడుపులో బిడ్డ నలిగిపోతుంది. నిలబడే చూపించు."

ఎంత మంచి మనసు! పక్క స్టూళ్ల మీదున్న మనమంతా ఔనౌనని తలలూపాం. ఇంకో నాలుగు చీరలు విప్పించేసరికి, కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కాయి. మనదీ కష్టమే కదా.