పన్నెండు మిల్లీగ్రాముల మహోపకారం

పాఠక మహాశయులారా! సగం తెలిసిన విషయమంత సుఖమైనది లోకంలో ఇంకోటి లేదు. పూర్తిగా తెలిసినవాడికి మనశ్శాంతి ఉండదు. ఏమీ తెలియనివాడికి మర్యాద ఉండదు. సగం తెలిసినవాడు మాత్రం హాయిగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అవుతాడు.

మా సెక్రటరీగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధంటే, లిఫ్టు బటన్ కూడా మోచేత్తోనే నొక్కుతారు. మా గేటు పక్కన పదకొండేళ్లుగా చేపలమ్ముకుంటున్న చేపలక్క దగ్గర ఆయన ఓ సముద్రపు చేప కొన్నారు. వండించుకోకుండా ల్యాబుకు పంపించారు. ఎంత త్యాగం!

రిపోర్టు వచ్చింది. మొత్తం ఆర్సెనిక్: కిలోకు పన్నెండు మిల్లీగ్రాములు. ఆర్సెనిక్ అంటే పాషాణం! పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. సాయంత్రానికి మూడో అంతస్తు ఆవిడకు నాలుక తిమ్మిరెక్కింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు, అయినా ఎక్కింది! రెండో అంతస్తు ఇంజనీరు ముందు జాగ్రత్తగా అక్వేరియాన్ని బాల్కనీలోకి గెంటేశాడు. ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు లిఫ్టులో ఒకరి క్షేమం ఒకరు అడిగారు. ఇంత ఐకమత్యం మా మీటింగుల్లో ఏనాడైనా చూశామా?

మర్నాడు సెక్రటరీగారు వాచ్‌మన్ చేత చేపలక్క బల్ల తీయించేశారు.

"నా పిల్లలు ఈ చేపలే తిని పెరిగారు మాస్టారూ. పెద్దది పరుగుపందెంలో ఫస్టొచ్చింది!" అని మొత్తుకుందామె.

"విషం మెల్లగా పనిచేస్తుందమ్మా," అన్నారాయన జాలిగా.

ఇంత చక్కగా సాగిపోతుంటే మా మరదలు అడ్డుపడింది. అదే ల్యాబులో కెమిస్టు లెండి. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది!

"బావా, ఆ టెస్టులో చేపముక్కని యాసిడ్‌లో ఉడికించేస్తాం. మొత్తం కరిగిపోయాక ఆర్సెనిక్ ఎంతుందో మిషన్ లెక్కేస్తుంది. ఏ రూపంలో ఉందో చెప్పదు. సముద్రపు జీవాల్లో చాలామటుకు ఆర్సినోబీటైన్ అని ఉంటుంది. ఆర్సెనిక్కే, కానీ కర్బనంతో ముడిపడిన రకం. తిన్నా ఏం చేయదు, ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది."

"మరి రకం తేల్చే మిషన్ లేదా?"

"ఉంది. రెండేళ్లుగా ముసుగేసుంది. ఎవరూ అడగరుగా! దానికి చేపని ఉడికించకూడదు. మెత్తగా నూరి, లోపలి పదార్థాలు చెదరకుండా ద్రవంలోకి లాగాలి. సన్నటి గొట్టంలోంచి పంపిస్తే ఒక్కో రకం ఒక్కో టైముకి బయటికొస్తుంది. అప్పుడు విడివిడిగా లెక్కపెడతాం."

చూశారా చాదస్తం? జనాభా లెక్కలవాడు ఊళ్లో ఎంతమంది ఉన్నారో చెబితే చాలదా? అందులో దొంగలెవరో, దొరలెవరో కూడా తేల్చాలా?

మరదలు మొండిఘటం. పైఅధికారిని ఒప్పించి, ముసుగు తీయించి, రెండ్రోజులు ఆ మిషన్‌ను అంటిపెట్టుకు కూర్చుంది. చేపలో ఉన్నది దాదాపు అంతా ఆర్సినోబీటైనే. కర్బనంతో ముడిపడని విషపు రకం మిషన్‌కు దొరకనే లేదు. పనిలో పనిగా మా బోరు నీళ్లూ పరీక్షించింది. లీటరుకు సున్నా పాయింట్ సున్నా అయిదు మిల్లీగ్రాములు. తాగే నీటికి పెట్టిన హద్దుకు అయిదు రెట్లు! అదీ అంతా విషపు రకమే.

రెండు కాగితాలూ పట్టుకెళ్లి సెక్రటరీగారి చేతిలో పెట్టింది. నేనూ వెంట వెళ్లాను, మాట సాయానికి కాదు, చూడ్డానికి.

చేప కాగితం చదివి ఆయన ఉలిక్కిపడ్డారు. "ఇదివరకు ఒక్క ఆర్సెనిక్కే అన్నారు. ఇప్పుడు ఆర్సినోబీటైన్ కూడానా!"

నీళ్ల కాగితం చూడగానే ఆయన మొహం చాటంతైంది. "సున్నా పాయింట్ సున్నా... ఎన్ని సున్నాలో! నీళ్లంటే ఇవీ! నలభయ్యేళ్లు లెక్కలు చెప్పానమ్మా, పన్నెండు పెద్దదా, ఇది పెద్దదా?"

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను, ముందు ఆ నీళ్లు తాగడం మానండి!" మరదలు రెండు చేతులూ జోడించింది.

"అలిసిపోయినట్టున్నావు," అంటూ ఆయన గ్లాసు నిండా బోరు నీళ్లు తెచ్చి ఆప్యాయంగా అందించారు.

ఆ సాయంత్రం గ్రూపులో ప్రకటన: 'మన బోరు నీరు సురక్షితం. ల్యాబు నిర్ధారణ.' కింద టకటకా నలభై రెండు బొటనవేళ్లు లేచాయి. అజ్ఞానానికి ఇంత ఏకగ్రీవం ఎక్కడైనా దొరుకుతుందా?

చేపలక్క ఇప్పుడు పక్కవీధిలో అమ్ముతోంది. నేను ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని, ఆఫీసుకు వెళ్తున్నట్టు వెళ్లి, చేపలు తెచ్చుకుంటున్నాను. నిన్న ముక్కలు కోస్తూ అడిగింది.

"మీ మరదలు అంతా చెప్పిందన్నా. మరి మీరూ ఆ బోరు నీళ్లే తాగుతున్నారా?"

"లేదమ్మా. మేం క్యాన్లు తెప్పించుకుంటున్నాం."

"మీ ఎదురు ఫ్లాట్లో చంటిపిల్ల ఉందిగా. వాళ్లకి చెప్పారా?"

సెక్రటరీగారితో మనకెందుకు తగువు అనుకున్నాను, అందుకే చెప్పలేదు. ఇప్పుడు మాత్రం చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయా లేదా అని మహా శ్రద్ధగా పరిశీలించాను.

ఆ నలభై రెండు బొటనవేళ్లలో ఒకటి నాది.