రాజమణి మేడం సర్వే

ఆ పొద్దున రాజమణి పెట్టుకున్న పని ఒక్కటే. నీళ్లివ్వడానికి ఒప్పుకున్న లీలమ్మకు పెద్దరోడ్డు పక్కన చేనులో ఉన్న బోరు నుంచి తమ మార్కండేయ కాలనీ దాకా కాలువ తవ్వడానికి గీత గీయాలి. అందులో పైపు వేసుకుంటే నీళ్లు, తవ్విన మన్ను పక్కన పరుచుకుంటే బాట.

ఈ పని చేయాల్సినవాళ్లు నిజానికి వేరే ఉన్నారు. కానీ నల్గొండ జిల్లాలోని ఆ చిన్న టౌనుకూ, దాని పక్కనున్న తుమ్మలబావి ఊరికీ సరిగ్గా నడుమ పడింది కాలనీ. మున్సిపాలిటీకి పోతే మీరు పంచాయతీవాళ్లన్నారు. పంచాయతీకి పోతే మీరు మున్సిపాలిటీవాళ్లన్నారు. ఓట్లప్పుడు మాత్రం ఇద్దరూ చుట్టాలే. విసిగిపోయిన నేత కుటుంబాలన్నీ కూడి 'నీళ్లు బాటల సంఘం' పెట్టుకుని రాజమణిని అధ్యక్షురాలిని చేశాయి. నూలుకు రంగులద్దే మనిషి కాబట్టి నీళ్ల బాధ అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

"దసరా దాకా చూస్త. నీళ్లు రాకుంటే మగ్గం అమ్మేసి టౌన్ల కిరాయికి పోదాం," అని ఆమె భర్త గండయ్య తేల్చి చెప్పాడు. టౌనులో కిరాయి ఇల్లంటే రంగు గంగాళాలకు జాగా ఉండదు. అంటే రాజమణి పని ఖతం. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

రాతి నేల మీద ముగ్గు గీత నిలవదు. అందుకని రంగు సరిగ్గా ఎక్కక పక్కన పడేసిన ఎర్ర నూలు తీసి, గండయ్య చేత కట్టెలు పాతించి, రెండు వరుసలు లాగింది. ఒకటి కాలువకు, ఒకటి బాటకు. నేతింటి ఆడది దారం లాగితే వంకర పోనిస్తుందా? కౌన్సిలర్ రాంచందర్ ఖాళీ ప్లాటు గోడ మీదుగా, సర్పంచ్ రఘుపతి మెట్ట చెలక నడుమగా సూటిగా లాగేసింది. లాగి, మోసుకొచ్చిన కాసిని నీళ్లతో రంగు పెట్టుకోవడానికి ఇంట్లోకి పోయింది.

పెద్దరోడ్డు మీద చాయ్ హోటల్ నడిపే డానియల్ ఆ దారాలు చూశాడు.

"గండన్నా, గిదేంది?"

ఎండలో కట్టెలు పాతి పాతి గండయ్యకు చిరాగ్గా ఉంది. "రోడ్డు. రాజమణి కొలిచింది," అనేసి పోయాడు.

డానియల్‌కు గండయ్య భార్య పేరు తెలియదు. ఎవరో రాజమణట, రోడ్డు కొలిచిందట అని మొదటి గిరాకీకి చెప్పాడు. రెండో గిరాకీ నాటికి ఆమె మేడం అయింది. మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి దిగిన పెద్ద ఇంజనీరైంది. రోడ్డు కూడా ఊరుకోలేదు, బైపాస్ అయి కూర్చుంది.

సాయంత్రం కాకముందే రాంచందర్ శాలువా పట్టుకుని కాలనీకి వచ్చాడు. తన గోడ మీద ఎర్ర దారం కళ్లారా చూసి, దాని వెంబడే గండయ్య ఇంటి ముందుకు వచ్చాడు.

"మేడం ఉన్నరా అన్నా?"

"ఎవలు, రాజమణా? లోపల రంగులేస్తాంది," అన్నాడు గండయ్య.

రాంచందర్ కళ్లముందు టౌను మ్యాపు కదిలింది. "ఏ రంగు నడుస్తాంది?"

"పొద్దుగాల ఎరుపైంది. ఇప్పుడు పచ్చ."

ఎరుపంటే రోడ్డు. పచ్చంటే గ్రీన్ జోన్, ఒక్క ఇటుక పేర్చనివ్వరు. రాంచందర్ గండయ్య చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నా జాగా పచ్చల పడకుండ జర చెప్పరాదే."

కౌన్సిలర్‌కు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు గండయ్య. "నీళ్లే లేవు మాకు. నీళ్లు లేకుంటే ఏ రంగైనా ఏమైతది?"

ఓహో, కాలనీకి నీళ్లిస్తే మేడం రంగు మారుస్తుంది, ఇదా సంగతి అనుకున్నాడు రాంచందర్. "గంతేనా? నేను జూసుకుంట," అని శాలువాను గండయ్యకే కప్పి వెళ్లిపోయాడు. మరునాడు పైపుల లారీ దిగింది.

టౌనువాళ్లు తన చెలక పక్కన పైపులు వేస్తున్నారని తెలిసి రఘుపతికి పట్టరాని కోపం వచ్చింది. బైపాస్ వచ్చేది తన పొలంలో, పేరు కొట్టేసేది రాంచందరా? ఆయనా గండయ్యనే పట్టుకున్నాడు.

"నీళ్లు వాళ్లిచ్చిండ్రట. మరి మేడంకు మేమేం జేయాలె?"

"బాట జేసినా మంచిగుండు. గా గుంతల వడి పొద్దున కాలు బెణికింది ఆమెకు."

ఇంజనీరు మేడంకు తన హద్దులోనే కాలు బెణికిందా! రఘుపతి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. జేసీబీ వచ్చింది, మొరం వచ్చింది, వెనకాలే రోలరు వచ్చింది.

"ఎందుకిస్తున్నరయ్యా ఇవన్నీ?" అని రాజమణికి అనుమానం వచ్చింది.

"ఏమో. నీ పేరు జెప్తే ఇస్తుండ్రు."

రాజమణి తడి నూలు దండెం మీద వేసింది. "అయితే ఇప్పుడే అడగకు. పైపు మీద మన్ను పడ్డంక అడుగుదాం."

పైపు మీద మన్ను పడింది. మన్ను మీద మొరం పడింది. కాలనీ మొదట్లో మున్సిపాలిటీ బోర్డు వెలిసింది, దానికి ఎదురుగా పంచాయతీ బోర్డు వెలిసింది. ఎవరి బోర్డును ఎవరు పీకారో గానీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేశారు. నల్గొండ నుంచి జిల్లా అధికారి కరుణ జీపు దిగింది.

"ఈ సర్వే ఎవరు చేశారు?"

"రాజమణి మేడం," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

పిలిస్తే రాజమణి బయటికి వచ్చింది. మోచేతుల దాకా పచ్చరంగు, భుజం మీద తడి నూలు. "నేనే. ఏం గావాలె?"

రాంచందర్‌కు సంగతి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. "మోసం. నా పైపులు తవ్వుకపోత," అన్నాడు.

"మీకు ఈమె ఏం చెప్పింది?" అంది కరుణ.

ఆమె ఏమీ చెప్పలేదు. అసలు అప్పటిదాకా ఇద్దరూ ఆమె ముఖమే చూడలేదు.

"తవ్వుకపొమ్మనుండ్రి మేడం," అన్నాడు రఘుపతి హుషారుగా. "కాలనీ మాదని ఒప్పుకున్నట్టే."

తవ్వుదామన్న రాంచందర్ అక్కడికక్కడే ఆగిపోయాడు. "పైపు కదలది. కావాల్నంటే ఆయన మొరం ఎత్తుకపొమ్మను."

"నేనెత్తను," అన్నాడు రఘుపతి.

కరుణ నవ్వు ఆపుకుంది. "సరే. నీళ్లు మున్సిపాలిటీ ఇస్తుంది. బాట పంచాయతీ చూస్తుంది. రెండూ నడిపించేది వీళ్ల సంఘం. ఇద్దరూ సంతకాలు పెట్టండి."

పెట్టక చస్తారా? పెట్టారు. ఆ సాయంత్రం నల్లా విప్పితే నీళ్లు బుసబుసా వచ్చాయి. కాలనీ ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. రాజమణి గంగాళం నిండా నీళ్లు పట్టి, అందులో నూలు ముంచి, సంతోషం ఆపుకోలేక ఏడ్చింది. కిరాయి ఇంటి మాట గండయ్య మళ్లీ ఎత్తలేదు.

దసరా ముందు మాత్రం ఒక పొద్దున వచ్చి, మన నల్లా పక్కింటి నల్లా కంటే సన్నగా వస్తాందని ఫిర్యాదు చేశాడు. అధ్యక్షురాలు తల కూడా ఎత్తకుండా, "రేపు రా, చూద్దాం," అంది.