చిరస్మరణీయ స్టేజి ఎంపిక సంఘం

మానవజాతి సాధించిన వాటిలో సైకిలును మించింది లేదని మా డైరెక్టరుగారు సోమవారం పదకొండున్నరకి ప్రకటించారు. మీటింగు పదింటికి. సైకిలును కారు పైన కట్టించుకుని రావడంలో ఆయనకి కాస్త ఆలస్యమైంది.

ముందున్న డైరెక్టరుగారికి చేపలంటే ప్రాణం. ఆ రోజుల్లో మా అందరి టేబుళ్ళ మీదా గాజు తొట్లుండేవి. ఈయన వచ్చిన వారానికి ఆ చేపలు ఏమైపోయాయో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆఫీసంతా గ్రాండ్ టూర్ల మయం. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్ దేశాల్లో ఏటా మూడేసి వారాలు సాగే సైకిలు పందేలవి. ఒక్కో రోజు పందేన్ని స్టేజి అంటారు. ఈ సంగతి నాకు తెలిసి పన్నెండు రోజులైంది. చిన్నప్పట్నుంచీ నిద్ర మానుకుని చూస్తున్నానని మాత్రం అందరికీ చెప్పుకున్నాను.

ఆనాటి ఎజెండాలో రెండే అంశాలు. మొదటిది, చరిత్రలోకెల్లా చిరస్మరణీయమైన స్టేజిని ఎంపిక చేసి దాని బొమ్మ హాలు గోడ మీద వేయించడం. రెండోది, ఆలస్యంగా వచ్చినందుకు డిస్పాచ్ సెక్షన్ ఆవిడ రాసిచ్చిన సంజాయిషీ. ఈ నెలలో ఇది మూడో ఆలస్యం. ఇది కూడా లెక్కలోకి వస్తే ఆవిడని పర్మనెంట్ చేసే ఫైలు మళ్ళీ మూలన పడుతుంది. తొమ్మిదేళ్ళు పడుకుని ఈ మధ్యే లేచిన ఫైలది. మినిట్సు రాసేది నేనే కనక ఆ కాగితాలన్నీ నా చేతిలోనే ఉన్నాయి.

"ఇటలీలో మంచు కురిసిన స్టేజి," అన్నారు డైరెక్టరుగారు. "చేతులు కొంకర్లు పోయి బ్రేకు పట్టలేకపోయారు పాపం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది."

ఆ వణుకు చూసి ఎవరో ఏసీ తగ్గించారు.

"ఫ్రాన్సులో చివరి రోజు ఎనిమిది సెకన్ల తేడాతో తేలిపోయిందే, అది కూడా..." అని మొదలెట్టాడు అకౌంట్సు ఆఫీసరు. డైరెక్టరుగారి ముఖం చూసి, "అబ్బే, మంచు ముందు సెకన్లెంత సార్," అని సర్దుకున్నాడు.

"మీరేమంటారు?" అని డైరెక్టరుగారు నా వైపు తిరిగారు.

పన్నెండు రోజుల్లో నేను బట్టీపట్టినవి రెండే స్టేజీలు. రెండూ వాళ్ళే వాడేశారు! తల దించుకున్నాను. చేతిలో డిస్పాచ్ ఆవిడ సంజాయిషీ కనిపించింది. దేశం మార్చి దాన్నే చెప్పేశాను.

"స్పెయిన్‌లో సార్. జోరు వాన. కొండెక్కుతుంటే ఒకడి చెయిన్ తెగిపోయింది. సాయానికి ఎవరూ రాలేదు. సైకిలు భుజానికెత్తుకుని నాలుగు కిలోమీటర్లు నడిచాడు. సంచి కూడా తడవనివ్వలేదు."

"సంచేమిటి?"

"తిండి సంచి సార్. నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాడు. చేరడం మాత్రం చేరాడు."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది నేను లైవ్‌లో చూశాను," అన్నారు. "రెండు రోజులు భోజనం సయించలేదు."

"మా ఆవిడైతే ఏడ్చేసింది సార్," అన్నాడు అకౌంట్సు ఆఫీసరు.

మొదటి అంశం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. రెండో అంశం చదివాను. వాన, ఎత్తు రోడ్డు, తెగిన చెయిన్, భుజం మీద సైకిలు, తడవని ఉత్తరాల సంచి, నలభై నిమిషాలు. ఎవరు పోల్చుకుంటారోనని గబగబా చదివేశాను. ఒక్కరూ పోల్చుకోలేదు.

"కట్టుకథ," అన్నారు డైరెక్టరుగారు. "సైకిలు మోసుకుంటూ నాలుగు కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారా? నమ్మేలా రాయడం కూడా రాదు వీళ్ళకి. తిరస్కరించామని రాసుకోండి."

నోరు విప్పితే స్పెయిన్ పోతుంది, దానితో పాటు నా పరువూ పోతుంది. అందుకని రాశాను. ఆ రోజు దస్తూరీ కూడా ముత్యాల్లా కుదిరింది. సిగ్గేసింది. అయినా సంతకం పెట్టాను.

గురువారం పెయింటరు వచ్చాడు. భుజం మీద సైకిలు ఎలా ఉంటుందో ఎవరైనా ఎత్తుకుని చూపిస్తే గానీ బొమ్మ వెయ్యలేనన్నాడు. డైరెక్టరుగారికి నడుం నొప్పి. అకౌంట్సు ఆఫీసరుది కొత్త చొక్కా. నేనే వెళ్ళి డిస్పాచ్ ఆవిడని పిలుచుకొచ్చాను. ఆవిడ తన సైకిలును ఒక్క ఊపులో కుడి భుజానికెత్తుకుని నిలబడింది.

డైరెక్టరుగారు చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచారు.

"అలా కాదమ్మా. అతను ఎడమ భుజాన మోశాడు. నేను చూశానుగా."

ఆవిడ భుజం మార్చుకుంది. ఆయన తన గదిలోకి వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మంది.

"ఎంతసేపు నిలబడాలి సార్?"

"ఒక గంట."

"ఇవాళ ఉత్తరాలు ఆలస్యమవుతాయి. మళ్ళీ సంజాయిషీ అడుగుతారు." సైకిలు కొంచెం పైకి జరుపుకుంది. "మినిట్సు కాపీలు కవర్లలో పెట్టి పంపింది నేనే సార్. రెండు అంశాలూ చదివాను. ఈసారి సంజాయిషీ మీరే చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు."